‘ఫ్రీ’ అంటే దేని నుంచి?

హైదరాబాద్‌లో పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా తెలుగువారి నోట నలిగే ఇంగ్లిష్ విశేషణాల్లో ‘ఫ్రీ’ది ముందు వరుస. సిటీ బస్సులో ఆడవాళ్లకు ప్రయాణం ఫ్రీ, కూడలిలో సిగ్నల్ కోసం ఆగకుండా తిరగగలిగేది ఫ్రీ లెఫ్ట్, సుల్తాన్ బజార్ దుకాణంలో ఎవరికైనా సరిపోతుందని తీసి చూపించే కుర్తీ ఫ్రీ సైజ్, బేకరీ అద్దాల వెనక విడిగా పెట్టిన బిస్కట్లు షుగర్ ఫ్రీ. ‘సాయంత్రం ఫ్రీగా ఉన్నారా అండీ’ అని ఫోన్‌లో అడిగేవారికీ, ‘మోషన్ ఫ్రీగా అవుతోందా’ అని రోగిని అడిగే డాక్టరుకూ, బిగుసుకుపోయిన నట్టును ‘కొంచెం ఫ్రీ చెయ్యిరా’ అని కుర్రవాడికి పురమాయించే మెకానిక్కుకూ అదే మాట పనికొస్తోంది. వీటన్నిటినీ కలిపే అర్థమేమిటని అడిగితే మాత్రం జవాబు వెంటనే దొరకదు. బస్సులో ఫ్రీ అంటే డబ్బు కట్టనక్కర్లేదని అర్థం. బిస్కట్ల మీద ఫ్రీ అంటే చక్కెర లేదని అర్థం, వాటి ధర మామూలు బిస్కట్ల కన్నా తరచు ఎక్కువే ఉంటుంది.

ఒక గోడ ఎర్రగా ఉందన్నప్పుడు ఆ ఎరుపు గోడకే ఉంటుంది, ఇంకేదీ అడగనక్కర్లేదు. ఫ్రీ అలాంటి విశేషణం కాదు. అది వస్తువులో ఉన్నదాన్ని చెప్పదు, ఆ వస్తువును పట్టి ఉంచగలిగే ఇంకొకదాని పట్టు లేదని చెబుతుంది. ఆ ఇంకొకటి ధర కావచ్చు, పని కావచ్చు, అడ్డు కావచ్చు, యజమాని కావచ్చు, చక్కెర కావచ్చు. ఇంగ్లిష్‌లో దాన్ని చెప్పడానికి వెనక ‘ఆఫ్’ అనో ‘ఫ్రమ్’ అనో చేర్చి పేరు పెట్టే సౌకర్యం ఉంది, కాని మాటల్లో ఆ భాగం చాలాసార్లు రాలిపోతుంది. రాలిపోయిన ఆ భాగాన్ని సందర్భాన్ని బట్టి వినేవారే నింపుకుంటారు. ఈ మాట చుట్టూ పుట్టే గందరగోళంలో ఎక్కువ భాగం ఆ ఖాళీ దగ్గరే మొదలవుతుంది.

అయితే ఈ మాట మొదట్లో ఇలా లేమిని చెప్పేది కాదు. దాని పుట్టుక తెలుసుకుంటే తెలుగువారికి ఆశ్చర్యం కలుగుతుంది, ఎందుకంటే దాని తోబుట్టువు తెలుగులో నిత్యం వాడుకలోనే ఉంది. సంస్కృతంలో ‘ప’తో మొదలయ్యే ఎన్నో మాటలకు ఇంగ్లిష్, జర్మన్ లాంటి జర్మానిక్ భాషల్లో ‘ఫ’తో మొదలయ్యే జతలు ఉన్నాయి. పితృ పక్కన ఫాదర్, పాదం పక్కన ఫుట్, పంచ పక్కన ఫైవ్ నిలుస్తాయి. ఈ మార్పుకు ఒక క్రమం ఉందని 19వ శతాబ్దపు తొలి దశకాల్లో డెన్మార్క్ పండితుడు రాస్క్, జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ చూపించారు. గ్రిమ్ దాన్ని 1822లో సూత్రీకరించడంతో అది ఆయన పేరుతోనే స్థిరపడింది. అదే వరసలో ఫ్రీకి జతగా నిలిచే సంస్కృత పదం ‘ప్రియ’. రెండింటికీ మూలంగా భాషాశాస్త్రవేత్తలు పునర్నిర్మించిన ఇండో-యూరోపియన్ ధాతువుకు ప్రేమించడం, ఇష్టపడడం అని అర్థం.

అదే ధాతువు నుంచి వచ్చిన బంధువర్గం చిన్నది కాదు. ఇంగ్లిష్‌లో స్నేహితుణ్ని సూచించే ‘ఫ్రెండ్’ అసలు రూపంలో ‘ప్రేమించేవాడు’. శుక్రవారానికి ‘ఫ్రైడే’ అన్న పేరు ఫ్రిగ్ అనే దేవత మీదుగా వచ్చింది, ఆ దేవత పేరుకూ ‘ప్రియమైనది’ అనే అర్థం. జర్మన్‌లో శాంతిని చెప్పే ‘ఫ్రీడెన్’, రష్యన్‌లో మిత్రుణ్ని చెప్పే ‘ప్రియాతెల్’ కూడా ఈ కుటుంబంలోవే. భయపడడాన్ని చెప్పే ‘అఫ్రైడ్’ సైతం ఫ్రెంచి మీదుగా చుట్టు తిరిగి ఇక్కడికే చేరుతుంది, శాంతిలోంచి బయటికి లాగబడినవాడని దాని మొదటి భావం. పాత ఇంగ్లిష్‌లో ‘ఫ్రేయోగన్’ అనే ఒకే క్రియకు ప్రేమించడం, విడిపించడం అనే రెండు అర్థాలూ ఉండేవి. ఆ రెండు పనులకు ఒకే మాట చాలిన కాలం ఒకటి ఉండేదన్నది గుర్తుంచుకోదగిన సంగతి.

ప్రియమైనది ఫ్రీ ఎలా అయింది? ఎక్కువమంది పండితులు అంగీకరించే వివరణ ఇంటి నుంచి మొదలవుతుంది. ఆ పాత సమాజాల్లో ఒక ఇంటి కప్పు కింద ఉండేవారు రెండు రకాలు, ఆ ఇంటి రక్తసంబంధీకులు, ఆ ఇంటి బానిసలు. ‘ప్రియమైనవారు’ అంటే తమవారు, తమ వంశంవారు. తమవారిని బానిసలుగా చూడరు కాబట్టి ‘తమవాడు’ అన్న మాటే క్రమంగా ‘బానిస కానివాడు’ అన్న హోదాకు పేరయింది. లాటిన్‌లోనూ ఇలాంటి పోలికే కనిపిస్తుంది, స్వతంత్రుణ్ని చెప్పే ‘లీబెర్’ బహువచనం ‘లీబెరి’కి పిల్లలు అనే అర్థం ఉంది. ఫ్రెంచి భాషాశాస్త్రవేత్త ఎమీల్ బెన్వెనిస్త్ ఈ దారిని వివరంగా పరిశీలించి, స్వాతంత్ర్యం అన్న ఊహ బంధాలు తెంచుకోవడంతో కాక ఒక జనసమూహానికి చెందడంతో మొదలైందని వాదించారు. నేడు ఫ్రీ అనగానే ఎవరికీ చెందనితనం గుర్తుకొస్తుంది. మాట పుట్టినప్పుడు మాత్రం ఎవరికో చెందడమే అందులోని గట్టి అర్థం.

ఆ పాత అర్థం ఆనవాళ్లు మధ్యయుగపు ఇంగ్లండ్‌లో చాలాకాలం మిగిలాయి. లండన్‌లో ఒక వృత్తి సంఘానికి ‘ఫ్రీ’ కావడమంటే దాని నుంచి బయటపడడం కాదు, అందులో సభ్యత్వం పొందడం, ఆ సభ్యత్వంతో నగరంలో వ్యాపారం చేసుకునే హక్కు సంపాదించడం. గోషామహల్‌లో కుతుబ్‌షాహీల నాటి బారాదరి భవనం, రాతి పనివారి పేరు పెట్టుకున్న ఫ్రీమేసన్లనే సోదర సంఘానికి లాడ్జిగా, అంటే సమావేశ మందిరంగా హైదరాబాదీలకు తెలుసు. ఆ పేరులోని ఫ్రీకి ఇలాంటి సంఘ సభ్యత్వమే మూలమని చెప్పేవారున్నారు, చెక్కడానికి అనువైన ఫ్రీస్టోన్ అనే రాతి నుంచి వచ్చిందని చెప్పేవారూ ఉన్నారు.

హోదా నుంచి గుణానికి జరిగిన ప్రయాణం తరవాతిది. బానిస కానివాడు, మంచి ఇంట పుట్టినవాడు ఎలా ప్రవర్తించాలని సమాజం కోరుకుంటుందో ఆ ప్రవర్తనకూ ఇదే విశేషణం అంటుకుంది. మధ్యయుగపు ఇంగ్లిష్‌లో ఫ్రీ అంటే ఉదారుడు, చేతికి ఎముక లేనివాడు. 14వ శతాబ్దపు కవి ఛాసర్ కథల్లో ఒకటి, ఒక భర్త, ఒక యువ ప్రేమికుడు, ఒక మాంత్రికుడు ఒకరిని మించి ఒకరు తమకు రావలసినదాన్ని వదులుకున్నాక, ఈ ముగ్గురిలో అందరికన్నా ఫ్రీ ఎవరో చెప్పండని శ్రోతలను అడుగుతూ ముగుస్తుంది. నేటి ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవారు ఆ ప్రశ్నను స్వేచ్ఛ గురించిన ప్రశ్న అనుకుంటే కథే తలకిందులవుతుంది. కవి అడిగింది ఎవరి మనసు పెద్దదని.

వయసులో డబ్బు అర్థం అన్నిటికన్నా చిన్నది. ‘వెల లేకుండా’ అన్న భావంలో ఫ్రీ నిలదొక్కుకున్నది 16వ శతాబ్దం చివరి భాగంలో, అంటే మాట పుట్టిన వెయ్యేళ్లకు పైగా గడిచాక. అది కూడా పన్ను నుంచి, సుంకం నుంచి, ఖర్చు నుంచి ఫ్రీ అన్న పూర్తి రూపం అరిగిపోగా మిగిలిన ముక్కే. శిక్ష పడకుండా బయటపడడాన్ని ఇంగ్లిష్‌లో ‘స్కాట్ ఫ్రీ’ అనడంలో ఆ పూర్తి రూపం ఇంకా నిలిచి ఉంది. అందులోని స్కాట్‌కు స్కాట్లండ్‌తో సంబంధమేమీ లేదు, అది పాతకాలపు ఒక చెల్లింపు పేరు.

ఇప్పుడు తెలుగులో ప్రియం సంగతి చూడాలి. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చాక ఆ మాట ప్రేమ అర్థాన్ని నిలుపుకుంటూనే ఇంకో దారి పట్టింది. ‘కందిపప్పు ప్రియమైంది’ అని పత్రిక రాస్తే ధర పెరిగిందని ఎవరికైనా తెలుస్తుంది. ఇష్టమైనది విలువైనది, విలువైనది ఖరీదైనది అన్న క్రమం సహజమే. అందువల్ల ఒకే ధాతువు నుంచి పుట్టిన రెండు మాటలు, ఒకటి ఇంగ్లండ్ మీదుగా, ఇంకొకటి సంస్కృతం మీదుగా హైదరాబాద్ కిరాణా కొట్టుకు చేరి, ఒకటి డబ్బు అక్కర్లేదని, ఇంకొకటి డబ్బు ఎక్కువ కావాలని చెబుతున్నాయి. నూనె ప్రియమైందని విసుక్కునే మనిషికి, ఆ ప్యాకెట్‌తో ఇచ్చిన ఫ్రీ గరిటె పేరూ ఆ విసుగు మాటా ఒకే కడుపున పుట్టాయని తెలిసే అవకాశం లేదు.

తెలుగు ‘ఉచితం’ కథ కూడా తక్కువ ఆసక్తికరం కాదు. సంస్కృతంలో ఉచితమంటే తగినది, అలవాటైనది. తెలుగులోనూ ఔచిత్యం, సముచితం, ఉచితానుచితాలు అన్న మాటల్లో ఆ అర్థమే ఉంది. యోగ్యతను బట్టి ఇచ్చే తగిన కానుక అన్న భావం మీదుగా అది వెల లేనిది అన్న అర్థానికి చేరి ఉండవచ్చు. కన్నడంలోనూ ఉచితమంటే ఊరికే ఇచ్చేదే. హిందీ మాత్రం పాత అర్థం దగ్గరే ఆగింది. రేషన్ దుకాణాన్ని హిందీలో ‘ఉచిత్ మూల్య కీ దుకాన్’ అంటారు, తెలుగులో అదే చౌక ధరల దుకాణం. హిందీ అక్షరాలు కూడబలుక్కుని చదివే తెలుగువాడికి అక్కడ బియ్యం డబ్బు లేకుండా ఇస్తారన్న భ్రమ కలిగితే తప్పు అతనిది కాదు. ‘ఉచిత సలహా’ అన్నప్పుడు తెలుగులోనే రెండు అర్థాలూ ఢీకొంటాయి. పాత అర్థంలో అది గౌరవం, కొత్త అర్థంలో తేలిక చేయడం.

ఇంగ్లిష్ ఒకే మాటలో మూటగట్టిన అర్థాలను తెలుగు చాలా మాటలకు పంచిపెట్టింది. కట్టుబాటు లేకపోవడానికి స్వేచ్ఛ, పరాయి పాలన లేకపోవడానికి స్వతంత్రం, ఏదైనా కలవకుండా ఉండడానికి రహితం, పని ఒత్తిడి లేకపోవడానికి తీరిక, బిగుతు లేకపోవడానికి వదులు, వెల లేకపోవడానికి ఉచితం ఉన్నాయి. వెల విషయంలో నగరపు వీధి భాషకు ఇంకా గొప్ప సంపద ఉంది. ముఫ్త్, ఫుకట్ అన్నవి ఉర్దూ, దక్కనీ సాంగత్యంతో వచ్చాయి, పుణ్యానికి, తేరగా, అప్పనంగా అన్నవి తెలుగు మాటలు. వీటిలో చాలావాటిలో పుచ్చుకున్నవాడి మీద చిన్న అభియోగం దాగి ఉంటుంది. తేరగా వచ్చిందన్నా అప్పనంగా తిన్నాడన్నా మాట అనిపించుకున్నట్టే లెక్క. ఫ్రీగా వచ్చిందంటే ఆ మచ్చ ఉండదు.

అన్నిటిలోకీ ఇంగ్లిష్ ఫ్రీకి దగ్గరగా నడిచే అచ్చ తెలుగు మాట ‘ఊరికే’. ‘ఊరికే ఇచ్చాడు’ అంటే డబ్బు తీసుకోలేదని, ‘ఊరికే కూర్చున్నాడు’ అంటే పని లేదని, ‘ఊరికే అన్నాను’ అంటే ఉద్దేశమేమీ లేదని, ‘ఊరికే ఉండు’ అంటే కదలకు, మాట్లాడకు అని. ధర, పని, కారణం, చలనం అనే నాలుగింటిలో ఏది లేకపోయినా ఈ మాట చెల్లుతుంది. ఒక లేమిని చెప్పే మాట సందర్భాన్ని బట్టి వేర్వేరు లేములకు విస్తరించడం ఇంగ్లిష్‌కే ప్రత్యేకమైన వింత కాదని ఇది రుజువు చేస్తుంది.

ఇన్ని మాటలుండగా తెలుగులో ఫ్రీకి చోటెక్కడ దొరికిందన్నది న్యాయమైన ప్రశ్న. ఇంగ్లిష్ మోజు అనే జవాబు సగమే నిజం. ‘రేపు ఖాళీగా ఉన్నారా’ అని ఒక పెద్దమనిషిని అడగడంలో చిన్న ఇబ్బంది ఉంది. ‘ఖాళీగా ఉన్నాడు’ అన్న మాటకు ఉద్యోగం లేదన్న అర్థం కూడా తెలుగునాట బలంగా ఉంది, చదువు ముగించి ఇంట్లో ఉన్న కొడుకు గురించి తల్లిదండ్రులు తల దించుకుని చెప్పే మాట అదే. ‘తీరికగా ఉన్నారా’ అన్నది మర్యాదైనదే గాని మాటల్లో కొంచెం పుస్తకాల వాసన వేస్తుంది. ‘ఫ్రీగా ఉన్నారా’ అన్నప్పుడు ఆ మనిషికి సాధారణంగా బోలెడు పనులున్నాయని, ఆ పూట మాత్రం వాటి నుంచి విడుపు దొరికిందా అని అడిగినట్టు వినిపిస్తుంది. పరాయి మాటకు పాత జ్ఞాపకాలు ఉండవు కాబట్టి నొప్పించే అవకాశం తక్కువ. అరువు మాటలు నిలబడడానికి ఇలాంటి మర్యాద అవసరాలు కూడా ఒక కారణమని గుర్తిస్తే, వాటిని వాడేవారి మీద అకారణంగా విరుచుకుపడడం తగ్గుతుంది.

మనుషుల నడవడికకు వాడినప్పుడు ఇదే మాట మొన తేలుతుంది. ‘వాడు అందరితో ఫ్రీగా ఉంటాడు’ అంటే కలివిడి మనిషని మెప్పు. ‘వాడు మరీ ఫ్రీ అయిపోతున్నాడు’ అంటే చనువు హద్దు దాటిందని ఫిర్యాదు. అబ్బాయికి మెప్పుగా పలికే మొదటి వాక్యాన్నే అమ్మాయికి పలికితే కొన్ని ఇళ్లలో అది నింద అవుతుంది. మాట ఒకటే, తేడా అంతా వినేవారు నింపుకునే ఖాళీలో ఉంది. అబ్బాయి విషయంలో బిడియం నుంచి ఫ్రీ అని నింపుకునేవారు అమ్మాయి విషయంలో కట్టుబాటు నుంచి ఫ్రీ అని నింపుకుంటారు. ఈ పక్షపాతం మాటది కాదు, కాని పైకి చెప్పకుండా దాన్ని నడిపించడానికి ఇంత అనువైన మాట దొరకదు.

మనుషులను వదిలి యంత్రాల దగ్గరికి వస్తే అర్థం తేటపడుతుంది. సైకిల్ షాపుల్లో వెనక చక్రానికి బిగించే పళ్ల బిళ్లను ఫ్రీవీల్ అంటారు. దాన్ని విప్పితే లోపల రంపం పళ్లలా ఒక వైపుకే వాలిన గాళ్లు, వాటి మీద సన్నని స్ప్రింగులతో నొక్కి పెట్టిన రెండు చిన్న ఇనుప నాలుకలు కనిపిస్తాయి. పెడల్ ముందుకు తొక్కినప్పుడు ఆ నాలుకలు గాళ్లలో చిక్కుకుని, చైను లాగిన బలాన్ని చక్రానికి అందిస్తాయి. తొక్కడం ఆపినప్పుడు అవే నాలుకలు పళ్ల వాలు మీదుగా జారిపోతూ ‘టిక్ టిక్’మని చప్పుడు చేస్తాయి, చైను నిలిచిపోతుంది, చక్రం తిరుగుతూనే ఉంటుంది. అంటే ఆ చక్రం ఒక దిశలో మాత్రమే ఫ్రీ. రెండో దిశలోనూ ఫ్రీ అయితే ఎంత తొక్కినా బండి కదలదు, షాపుకు తీసుకెళ్లి ‘ఫ్రీవీల్ పోయింది’ అని చెప్పవలసి వస్తుంది.

రోడ్డు మీది ఫ్రీ లెఫ్ట్ కూడా ఇలాగే హద్దులున్న విడుపు. ఎడమకు తిరిగే బండి ఎర్ర దీపం నుంచి మాత్రమే ఫ్రీ, దాటుతున్న పాదచారి నుంచి కాదు, కుడి వైపు నుంచి పచ్చ దీపంతో వచ్చే బండ్ల నుంచి కాదు. నగరంలో ఈ మలుపుల దగ్గర నడిచేవారికి కాలు పెట్టే సందు దొరకకపోవడానికి చాలామంది ఆ బోర్డులోని మొదటి మాటను అన్నిటి నుంచీ అని చదువుకోవడం ఒక కారణం. సిగ్నల్ దగ్గర ముందుకు వెళ్లవలసిన బండ్లు ఎడమ వరుసలో నిలబడితే వెనకవారు హారన్లతో హోరెత్తిస్తారు. అక్కడ మాత్రం వారి కోపం న్యాయమే, ఎందుకంటే అడ్డు లేనప్పుడే ఆ మలుపు ఫ్రీ.

ఉప్పల్ స్టేడియంలో నోబాల్ పడగానే గ్యాలరీలు ఊగిపోయేది తరవాతి బంతి ఫ్రీ హిట్ కాబట్టి. వన్డేల్లో గీత దాటిన నోబాళ్లకు 2007లో వచ్చిన ఈ నిబంధన 2015 నుంచి అన్ని రకాల నోబాళ్లకూ వర్తిస్తోంది. ఆ బంతికి బ్యాటర్ బౌల్డయినా, క్యాచ్ ఇచ్చినా అవుట్ కాడు. అయితే రనౌట్ కావచ్చు, ఫీల్డర్లను అడ్డుకుంటే అవుట్ కావచ్చు, బంతిని రెండుసార్లు కొట్టినా అవుట్ కావచ్చు. చిన్నపిల్లలు గల్లీలో ఆడుతూ ‘ఫ్రీ హిట్‌లో రనౌట్ ఉందా లేదా’ అని గొడవ పడడం నిజానికి ఫ్రీ అంటే దేని నుంచి అన్న గొడవే.

ఆహార పొట్లాల మీద మాత్రం ఈ ప్రశ్న ఆరోగ్యానికి సంబంధించినది కాబట్టి దానికి అంకెల్లో జవాబుంది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన ప్రకటనల నిబంధనల ప్రకారం 100 గ్రాముల పదార్థంలో చక్కెరలు 0.5 గ్రాముకు మించకుండా ఉంటే దాన్ని షుగర్ ఫ్రీ అనవచ్చు. గ్లూటెన్ ఫ్రీ అనాలంటే, గోధుమ లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే ఇక్కడ ఫ్రీ సున్నా కూడా కాదు, సున్నాకు దగ్గరగా గీసిన ఒక గీత. అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. షుగర్ ఫ్రీ బిస్కట్‌లో చక్కెర లేకపోయినా మైదా ఉంటుంది, మైదాలోని పిండిపదార్థం కడుపులో గ్లూకోజుగానే మారుతుంది. చక్కెర వ్యాధిని తెలుగువారు ‘షుగర్’ అనే పిలుస్తారు కాబట్టి, పొట్లం మీద షుగర్ ఫ్రీ అని చూసినవారు షుగర్ ఉన్నవాళ్లకు భయం లేదని చదువుకునే ప్రమాదం తెలుగులో రెట్టింపు. ఇంటికి వచ్చిన పెద్దలకు ప్రేమతో ఆ బిస్కట్లే పళ్లెం నిండా పెట్టేవారు పొట్లం వెనక పిండిపదార్థాల అంకె కూడా చూడడం అవసరం.

ప్రభుత్వాల పథకాల్లో ఈ మాట రాజకీయ వాదనకు కేంద్రమైంది. ఆ వాదన సంగతి అటుంచి, పరిపాలన ఈ మాటను కాగితం మీద ఎలా రాస్తోందన్నది గమనించదగ్గది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోను, హైదరాబాద్‌లో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోను డబ్బు కట్టకుండా ప్రయాణిస్తారు. అయితే టికెట్ లేకుండా కాదు. గుర్తింపు కార్డు చూసి కండక్టరు మిషన్‌లోంచి ‘జీరో టికెట్’ తీసి చేతిలో పెడతారు, ఆ టికెట్ల లెక్కను బట్టి ప్రభుత్వం ఆర్టీసీకి సొమ్ము చెల్లించాలి. నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్లకు 2024 మార్చి నుంచి వస్తున్నది కూడా ‘జీరో బిల్లు’. జనం నోట ఫ్రీ బస్సు, ఫ్రీ కరెంటు అన్నవి లెక్కల పుస్తకంలో జీరో అయ్యాయి. ఆ జీరో చాలా నిజాయితీగల మాట. ధర ఉందని, ప్రయాణికురాలి వంతు మాత్రమే సున్నా అని, మిగతాది ఇంకెవరో మోస్తున్నారని అది ఒప్పుకుంటుంది.

చట్టం భాషకు వస్తే, 2009 నాటి విద్యాహక్కు చట్టం పేరులోనే చదువు ‘ఫ్రీ’, ‘కంపల్సరీ’ రెండూ. ఇంగ్లిష్‌లో మొదటిసారి చదివినవారికి స్వేచ్ఛ, నిర్బంధం పక్కపక్కన ఎలా నిలిచాయన్న తడబాటు ఒక క్షణం కలగవచ్చు. తెలుగులో ‘ఉచిత నిర్బంధ విద్య’ అన్నప్పుడు ఆ తడబాటు లేదు, ఉచితం ధరకు మాత్రమే సంబంధించింది. ఆ చట్టం అక్కడితో ఆగలేదు కూడా. ప్రాథమిక విద్యను కొనసాగించి పూర్తి చేయడానికి అడ్డు వచ్చే ఏ ఫీజూ, చార్జీ, ఖర్చూ పిల్లల మీద పడకూడదని మూడో సెక్షన్ చెబుతుంది. ట్యూషన్ ఫీజు లేదని చెప్పి వేరే పద్దులో పిల్లవాడు బడి మానేంత ఖర్చు మోపితే, ఆ చట్టం దృష్టిలో చదువు ఫ్రీ కానట్టే.

సాఫ్ట్‌వేర్ రంగంలో మాత్రం ఇంగ్లిష్ ఈ మాట చేతిలో నిజంగానే చిక్కుపడింది. 1983లో అమెరికన్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్, గ్నూ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసే ప్రాజెక్టును ప్రకటించి, రెండేళ్లకు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ స్థాపించినప్పుడు ఆయన ఉద్దేశం ధర గురించి కాదు. ప్రోగ్రాంను ఏ పనికైనా నడుపుకోవడం, దాని లోపలి పనితీరును చదివి మార్చుకోవడం, ప్రతులు పంచడం, మార్చిన ప్రతులను కూడా పంచడం అనే నాలుగు స్వేచ్ఛలు వాడుకరికి ఉండాలన్నది ఆయన పట్టుదల. అలాంటి సాఫ్ట్‌వేర్‌ను డబ్బుకు అమ్మినా అభ్యంతరం లేదు. వినేవారు మాత్రం ఊరికే వచ్చేదనే అనుకున్నారు. దశాబ్దాలుగా ఆయన ఉపన్యాసాల్లో ఈ వివరణ తప్పడం లేదు. 1998లో కొందరు ఆ మాటనే పక్కన పెట్టి ‘ఓపెన్ సోర్స్’ అనే పేరు తెచ్చుకోవడానికి ఈ గందరగోళం ఒక ముఖ్య కారణం.

హైదరాబాద్‌లో ఈ ఉద్యమాన్ని తెలుగులోకి తెచ్చినవారికి ఆ బెడద లేకపోయింది. 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చినవారు దానికి పెట్టిన పేరు ‘స్వేచ్ఛ’. తరవాత సంస్థకూ అదే పేరయింది. ఇంగ్లిష్‌లో పేజీ పొడుగు వివరణ అవసరమైన చోట తెలుగులో పేరే సరిపోయింది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా కూడా తనను ‘స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వం’ అని చెప్పుకుంటుంది, ఉచిత విజ్ఞాన సర్వస్వమని కాదు. అందులోని వ్యాసాలను చదవడానికి డబ్బు అక్కర్లేదన్నది చిన్న విషయం, మూలాన్ని పేర్కొని అవే షరతులతో ఎవరైనా వాటిని మార్చి మళ్లీ ప్రచురించుకోవచ్చన్నది పెద్ద విషయం. ఆ పెద్ద విషయాన్నే పేరులో పెట్టడం మంచి నిర్ణయం.

సాహిత్యంలో తెలుగు ఇంకో దారి ఎంచుకుంది. ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన ‘ఫ్రీ వర్స్’ ఛందస్సు నుంచి విడుదలైన పద్యం. తెలుగు దాన్ని స్వేచ్ఛా పద్యం అనకుండా ‘వచన కవిత్వం’ అంది, దేని నుంచి విడిపోయిందో చెప్పే బదులు దేని దగ్గరికి చేరిందో చెప్పింది. విచిత్రమేమిటంటే ఆ కవిత్వం కోసం జీవితకాలం పోరాడిన కుందుర్తి ఆంజనేయులు 1958లో స్థాపించిన సంస్థ పేరు ‘ఫ్రీవర్స్ ఫ్రంట్’. ప్రక్రియకు తెలుగు పేరు, పోరాటానికి ఇంగ్లిష్ పేరు. అప్పటికి ఛందస్సు పట్టు ఎంత బలంగా ఉందో తెలిసినవారికి ఆ రెండో పేరులోని ఫ్రీ ఎవరి మీదికి గురిపెట్టిందో కూడా తెలుసు.

‘దేని నుంచి’ అన్న ప్రశ్నను వినేవారి ఊహకు వదలకుండా జాబితా కట్టి చెప్పిన పాత ఉదాహరణ 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఉంది. ఒప్పందానికి ఇచ్చే సమ్మతి ఫ్రీ కావాలని చట్టం అంటుంది, వెంటనే 14వ సెక్షన్‌లో దానికి నిర్వచనమూ ఇస్తుంది. బలవంతం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు వివరణ, పొరపాటు అనే ఐదింటిలో ఏదీ కారణం కానప్పుడే సమ్మతి ఫ్రీ. ఇక్కడి ‘అనుచిత’లో ఉచితం పాత అర్థంతోనే ఉందన్నది గమనించవచ్చు. ఆస్తి పత్రం మీద తన చేత ఇష్టం లేకుండా సంతకం పెట్టించారని హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో దావా వేసే మనిషి, తన సమ్మతి ఫ్రీ కాదని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆరో ఆర్డరు నాలుగో రూలు ప్రకారం మోసమైతే ఏ మోసమో, ప్రభావమైతే ఎవరి ప్రభావమో, అవసరమైన చోట తేదీలతో సహా ప్లెయింటులో, అంటే దావా పత్రంలో విడమరచి రాయాలి.